తలమీద మెత్తని చెయ్యి – మేలెంత?

పెద్ద ఊళ్ళలో 'క్రేనియోసాక్రల్ థెరపీ' అనే చికిత్స పేరు వినిపిస్తూ ఉంటుంది. రోగిని బట్టలతోనే వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద ఒకసారి, నడుము దిగువ ఎముక కింద ఒకసారి చేతులు పెట్టి, కొంతసేపు కదలకుండా ఉంచుతారు. వత్తిడి 5 గ్రాములకు మించకూడదంటారు. అంటే పాత స్టీలు రూపాయి బిళ్ళ బరువంత! దీనితో తలనొప్పి తగ్గుతుందా, ఇలాంటిది యునానీలో ఉందా అన్న సందేహం మీకు రావచ్చు.

పుట్టుక

ఇది అమెరికాలో పుట్టింది. ఎముకల వైద్యమైన ఆస్టియోపతీ చదువుతున్న విలియం సదర్లాండ్ 1899లో పుర్రె ఎముకల అంచులు చేప మొప్పల్లా ఏటవాలుగా ఉండటం చూసి, అవి కదలడానికే అలా ఉన్నాయని తలచాడు. 1939లో దీనిపై పుస్తకం రాశాడు. 1970లలో జాన్ అప్లెడ్జర్ అనే వైద్యుడు ఈ పద్ధతిని పెంచి ప్రచారం చేశాడు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవానికి ఒక లయ ఉందనీ, దాన్ని చేతితో కనిపెట్టి సరిదిద్దవచ్చనీ వీరి వాదం.

ఈ వాదం పరీక్షకు నిలవలేదు. ఒకే మనిషిని వేర్వేరు చికిత్సకులు పట్టి చూసినప్పుడు వారు చెప్పిన లయలు కలవలేదు. పైగా పెద్దవారి పుర్రె ఎముకలు గట్టిగా బిగిసి ఉంటాయి, అంత కొద్ది వత్తిడికి కదలవు. అయినా చేయించుకున్న కొందరికి హాయిగా ఉంటుంది. ఎందుకు?

యునానీ ఏమంటుంది?

యునానీలో మర్దనను 'దల్క్' అంటారు. ఇది 'ఇలాజ్ బిత్తద్బీర్' అనే చికిత్సా విభాగంలోనిది. గట్టి మర్దన శరీరాన్ని బిగిస్తుందనీ, మెత్తని మర్దన సడలిస్తుందనీ, అతిగా చేస్తే చిక్కిస్తుందనీ, మితంగా చేస్తే కండ పట్టిస్తుందనీ ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో చెప్పాడు. మెత్తని మర్దన పేరు 'దల్క్ లయ్యిన్'. అంటే మెత్తని చెయ్యి సడలింపు ఇవ్వడానికి పుర్రె ఎముకలు కదలనక్కర లేదు.

ఇంట్లో ఇలా చేయండి

అలసటతో తల, మెడ పట్టేసినప్పుడు రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని బాదం నూనె (రోగన్ బాదాం) నాలుగు చుక్కలు వేళ్ళకు రాసుకోండి. కణతల నుంచి చెవుల వెనుకగా మెడ వరకు నెమ్మదిగా నిమరండి. పది నిమిషాలు చాలు. నొక్కకండి, మెడ విరవకండి.

ఈ జాగ్రత్తలు మరవకండి

పసిబిడ్డల మాడు పూడటానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. తల గుండ్రంగా రావాలని స్నానం పోసేటప్పుడు నొక్కవద్దు. అలాంటి చికిత్సలకూ తీసుకుపోవద్దు.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ తగిలాక వాంతులు, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం – వీటిలో ఏది కనిపించినా మర్దనతో పొద్దు పుచ్చకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. హాయిగా ఉంది కదా అని రక్తపోటు మాత్రలు గాని, మూర్ఛ మాత్రలు గాని మానకండి.

బెంగళూరులోని జాతీయ యునానీ వైద్య సంస్థలో ఇలాజ్ బిత్తద్బీర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. కర్ణాటకలోని మనవారు మర్దన అవసరమా కాదా అన్నది అక్కడ హకీముకు చూపించుకుని తెలుసుకోవచ్చు.