పాత పాటే కదా, షేర్ చేస్తే ఏమవుతుంది? ఒక్క ఎంపీ3లో మూడు కాపీరైట్లు

మా కామవరపుకోట లాంటి ఊళ్లలో ఒకప్పుడు మెమరీ కార్డు ఇస్తే మొబైల్ షాపులో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఇప్పుడా పని టెలిగ్రామ్ గ్రూపులు చేస్తున్నాయి. "60 ఏళ్లు దాటితే కాపీరైట్ ఉండదు బ్రో" అనే మాట కూడా అక్కడే వినిపిస్తుంది. అందులో సగమే నిజం. ఎలాగో మాయాబజార్ పాటలతో లెక్కేద్దాం.

ఫైల్ ఒకటే, హక్కులు మూడు

మన 1957 కాపీరైట్ చట్టంలో రికార్డింగ్, సాహిత్యం, సంగీతం దేనికదే వేరు.

• రికార్డింగ్: విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన రికార్డుకు గడువు 2017తో ముగిసింది.

• సాహిత్యం: రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు. అంటే 2031 చివరి దాకా హక్కు ఉంటుంది.

• సంగీతం: దీనికీ అదే లెక్క. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా ఉంటుంది.

హక్కు నిర్మాత చేతిలో ఉన్నా, మ్యూజిక్ కంపెనీ చేతిలో ఉన్నా ఈ గడువు మారదు. రికార్డింగ్ ఫ్రీ అయినంత మాత్రాన పాట ఫ్రీ అయిపోదన్నమాట.

మరి ఏం చేయొచ్చు?

సొంత వాడకానికి సెక్షన్ 52లో కొంత వెసులుబాటు ఉంది. పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాట వేయడానికీ అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ అదే పెళ్లి వీడియోను యూట్యూబ్‌లో పెడితే అది వేరే పని. అక్కడ కంటెంట్ ఐడీ మీ ఆడియోను హక్కుదారులు ఇచ్చిన ఫైళ్లతో పోల్చి చూస్తుంది. కలిస్తే క్లెయిమ్ పడుతుంది: యాడ్ డబ్బులు వాళ్లకు వెళ్లొచ్చు, వీడియో బ్లాక్ కావచ్చు. స్ట్రైక్ అంతకంటే సీరియస్. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు.

తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపారం కోసం కాదని తేలితే కోర్టు తగ్గించవచ్చు, అంతేగానీ నేరం కాకుండా పోదు.

సింపుల్ రూల్

ఫ్రెండ్‌కి పాట నచ్చుతుందనిపిస్తే ఫైల్ పంపకండి, అధికారిక ఛానెల్ లింక్ పంపండి. రీల్‌కైతే ఆ యాప్ లైబ్రరీలో ఉన్న పాటనే వాడండి. యూట్యూబ్ వీడియోకి మ్యూజిక్ కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉచితమే.