నగిషీ: ఒక మాట, దాని వాడుక

విద్యార్థులారా! “నగిషీ అను మాట నగ నుండి పుట్టినదా?” అని ఒక బాలిక తరగతిలో మమ్ము అడిగినది. ప్రశ్న మంచిదే. పోలిక చెవికి ఇంపుగానే ఉన్నది. కాని నిజము వేరు.

అరబ్బీలో ‘నఖ్ష్’ అనగా రేఖలతో తీర్చిన చిత్రము, చెక్కడము. అది పారసీకము ద్వారా దక్కనునకు వచ్చి, తెలుగు నోట ‘నగిషీ’ అయినది. పొలముల పటమును తెలుపు ‘నక్షా’, చేర్యాల పటచిత్రకారులను తెలుపు ‘నకాషీలు’ దీని తోబుట్టువులే.

ఈ మాటకు మన బీదరును మించిన నిఘంటువు లేదు. బిద్రీ పనివారు తుత్తునాగములో కొద్దిగా రాగి కలిపి పాత్రను పోత పోయుదురు. దానిపై ఉలితో లతలు, పూవులు చెక్కి, ఆ గాడులలో వెండిని పొదుగుదురు. పిదప కోటమట్టిని నవాసారముతో కలిపి పూయగా పాత్ర నల్లబడును. వెండి మాత్రము తెల్లగా నిలుచును. ఈ కళకు 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. కోటలోని రంగీన్ మహలునందు నల్లరాతిలో ముత్యపుచిప్పను పొదిగిన పనియు చూడదగినది.

భేదము గమనింపుడు. నగను పెట్టుకొందుము, తీసివేయుదుము. నగిషీ వస్తువులోనే ఉండును. కావున ‘తలుపులపై నగిషీ చెక్కిరి’ అనుట ఒప్పు. ‘నగిషీ పెట్టుకొనెను’ అనుట తప్పు. ‘మాటలకు నగిషీలు చెక్కుట’ అనుచోట మెప్పును ఉండవచ్చును, ఎత్తిపొడుపును ఉండవచ్చును.

కోటను గూర్చి వ్రాయుమనగా మీలో కొందరు ‘అత్యద్భుతము’, ‘నయనానందకరము’ అని పుట నింపితిరి, ద్వారమెట్లుండునో చెప్పరైతిరి. అది నగ తగిలించుటయే. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందునాడు మేమును అట్లే వ్రాసితిమి. “విషయమెక్కడ?” అని గురువుగారు కాగితము తిరిగి ఇచ్చిరి. ఆ సిగ్గు మాకు మేలు చేసినది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట పిల్లల తెలుగులో కన్నడము, ఉర్దూ దొర్లినవని చింతింపవలదు. ‘నగిషీ’ పరభాషనుండి వచ్చినదే, ‘చెక్కు’ మనది. రెండును కలిసి తెలుగైనవి. అయితే మన క్రియలు, మన వాక్యము పిల్లలకు నిలువవలెను. అందుకు దినమునకు ఒక పుటయైనను వారిచే పైకి చదివింపుడు.

అభ్యాసము: మీ ఇంట నున్న ఒక వస్తువును విశేషణములు లేకుండ ఐదు వాక్యములలో వర్ణింపుడు.