రాట పాతడం, దొడ్డి కట్టడం: నాన్న దగ్గర నేర్చుకున్న పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమన్నారు. ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను గనుక ఏ ఉపగ్రహం గురించో రాద్దామనుకున్నాను. కాని అవన్నీ మీ పుస్తకాలలో ఉన్నాయి. పుస్తకాలలో లేనిది, మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నది ఒకటి రాస్తున్నాను. అదే పశువుల దొడ్డి కట్టడం, రాటలు పాతడం.

మాది బందరు పక్కన గిలకలదిండి. మా నాన్న కూలికి పాకలు, దొడ్లు కడతారు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడిని నేనే. అయితే రాట పాతడంలో మాత్రం ఫెయిలయ్యాను. ముందుగా ఆ సంగతి చెబుతాను.

నేను చేసిన తప్పు

డిగ్రీ రెండో సంవత్సరంలో సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా దొడ్డి మూలరాట మొదట్లో పుచ్చిపోయి ఉంది. నాన్న పనికి వెళ్ళారు. ఆయన వచ్చేలోగా నేనే బాగుచేద్దామని ఒక కర్ర తెచ్చి, అడుగున్నర గుంట తీసి, కర్ర నిలబెట్టి, మట్టంతా ఒక్కసారే పోసి కాలితో తొక్కాను. చూడటానికి నిటారుగానే ఉంది.

నాలుగో రోజు రాత్రి గేదె దానికి మెడ రుద్దుకుంది. రాట ఒరిగింది, గెడలు జారాయి. తెల్లారేసరికి గేదె, దాని పడ్డ ఒకరి మినపచేలో ఉన్నాయి. ఆ నష్టం కట్టడానికి నాన్నకు నాలుగు రోజుల కూలి పోయింది. పరాయి చేలో పడ్డ పశువును బందెలదొడ్డికి తోలే పద్ధతికి 1871 నాటి చట్టం ఉంది. అంటే రాట ఒరిగితే జరిమానా పశువుగలవాడికే. భూమి లేనివాడికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

నాన్న నన్ను తిట్టలేదు. ఆ రాటను ఒంటిచేత్తో పీకి, "రాట నిలబడేది పైన కాదురా, కింద" అన్నారు. ఆ రోజు నుండి నేర్చుకున్నది ఇది.

1. కర్ర ఎంపిక

భూమిలో ఉండే కర్రకు చేవ ఉండాలి. ముదురు తాటిమానుకు బయటి భాగమే చేవ, లోపలిది మెత్తన. అందుకే మానును నిలువుగా చీల్చి, లోపలి మెత్తని భాగం చెక్కేసి వాడతారు. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ కూడా రాటలకు మంచివి. మన తీరంలో విరివిగా దొరికే సరుగుడు తిన్నగా ఉంటుంది కాని మట్టిలో ఎక్కువ కాలం ఆగదు. దానిని వాసాలకు, అడ్డగెడలకు వాడుకోవాలి. మడచెట్లు మాత్రం నరకకూడదు. ఉప్పెన వచ్చినప్పుడు నీటి దూకుడును తగ్గించేవి అవే.

కర్రకు బెరడు తీసి నీడన ఆరబెట్టాలి. రాట ఎక్కువగా పుచ్చేది నేల మట్టం దగ్గర. అక్కడ తడి, గాలి రెండూ అందుతాయి. నాన్న రాట మొదలును మంటలో కాల్చి పాతేవారు. కాల్చినంత మాత్రాన చేవలేని కర్రకు ఆయుష్షు పెద్దగా పెరగదని నేను చదివి చెప్పాను. "అయితే చేవ చూసే కొందాం" అన్నారు. చదువు వల్ల మా ఇంటికి జరిగిన చిన్న ఉపకారాలలో ఇది ఒకటి.

కర్ర పుచ్చకుండా మందు కనిపెట్టినవారిలో మన దేశస్థుడు ఒకరున్నారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశన్ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు తయారుచేశారు. కరెంటు స్తంభాలకు, కంచె రాటలకు ప్రపంచమంతా దానిని వాడారు. ఆర్సెనిక్ విషం గనుక అమెరికాలో 2004 నుండి ఇళ్ళ దగ్గర వాడే కర్రకు దానిని పట్టించడం చాలావరకు ఆపేశారు. అలాంటి మందు కర్ర ముక్క దొరికితే గాడికి వాడకండి, పొయ్యిలో పెట్టకండి. దాని పొగ, బూడిద కూడా ప్రమాదమే.

2. గుంట లోతు

రాట మొత్తం పొడవులో మూడోవంతు భూమిలో ఉండాలి. ఏడున్నర అడుగుల రాట అయితే పైన 5 అడుగులు, కింద రెండున్నర అడుగులు. మూలరాటలు, తలుపు రాటలు 3 అడుగులకు తగ్గకూడదు.

దీనికి కారణం మీరు చదివే బలభ్రామకమే. గేదె 4 అడుగుల ఎత్తున 50 కిలోల బలంతో నెట్టిందనుకోండి. నేల మట్టం దగ్గర భ్రామకం 4 × 50 = 200. ఒక అడుగు లోతున మట్టి దానిని ఆపాలంటే 200 కిలోల బలం కావాలి. రెండు అడుగుల లోతున అయితే 100 కిలోలు చాలు. పైగా లోతుకు పోయేకొద్దీ మట్టి గట్టిగా ఉంటుంది. నాన్న ఈ లెక్క చదవలేదు, గునపంతో తెలుసుకున్నారు.

3. పూడ్చడం

గుంటలో మట్టి ఒక్కసారే పోయకూడదు. అరడుగు మట్టి పోసి, చుట్టూ దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. మళ్ళీ అరడుగు పోసి మళ్ళీ కొట్టాలి. ఇసుక నేలలో రాట చుట్టూ ఇటుక ముక్కలు బిగించాలి. నల్లరేగడిలో వేసవికి రాట చుట్టూ నెర్రె పడుతుంది, దానిని నింపి మళ్ళీ దిమ్మిస కొట్టాలి. చివరకు రాట మొదట్లో మట్టి కాస్త ఎత్తుగా కుప్పవేస్తే వాననీరు నిలవదు.

4. అడ్డగెడలు, కొలతలు

రాటకు రాటకు మధ్య 6 నుండి 8 అడుగులు చాలు. అడ్డగెడలను దొడ్డి లోపలి వైపు కట్టాలి. అప్పుడు పశువు నెట్టినా గెడ రాటకే ఆనుతుంది. బయట కడితే భారమంతా తాడు మీద, మేకు మీద పడుతుంది. మన ఉప్పుగాలికి మేకులు త్వరగా తుప్పుపడతాయి గనుక తాటినార తాడు, కొయ్య శీలలు మేలు.

పెద్ద గేదె ఒకదానికి పైకప్పు కింద 4 చదరపు మీటర్లు, ఆరుబయట 8 చదరపు మీటర్లు ఉండాలి. ఆవుకు 3.5, 7 సరిపోతాయి. నేల 40 అడుగులకు ఒక అడుగు వాలుగా ఉంటే మూత్రం, కడుగునీరు నిలవవు, గిట్టలు పాడవవు.

5. తలుపు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇది మా నాయనమ్మ చెప్పింది.

ఆమె పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారంటారు. 1977లో నీళ్ళు తీశాక నాయనమ్మ పుట్టింటికి వెళ్ళింది. "పాక లేదు. కట్టుకొయ్యలు మాత్రం అలాగే ఉన్నాయి. పలుపులు తెగలేదు. గేదెలు వాటి దగ్గరే పడి ఉన్నాయి" అని చెబుతుంది. వాళ్ళ నాన్న ఆఖరి నిమిషంలో పలుపు కోసిన పడ్డ ఒక్కటే మూడో రోజున ఎక్కడినుంచో నడిచి వచ్చిందట.

గేదె ఈదగలదు. కట్టేసిన గేదె ఈదలేదు. కాబట్టి రాట ఎంత గట్టిగా ఉండాలో తలుపు అంత తేలికగా తెరుచుకోవాలి. మా నాన్న కట్టే దొడ్లకు గెడల తలుపే ఉంటుంది. రెండు రాటలకు బెజ్జాలు పెట్టి మూడు గెడలు దూరుస్తారు. చీకట్లో పిల్లవాడైనా వాటిని లాగేయగలడు. పలుపు ముడి కూడా ఒక కొస లాగితే విడిపోయేటట్లు వేస్తారు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పశువులను ముందే మెరకకు తోలాలి. వీలుకాకపోతే పలుపులు విప్పి, గెడలు తీసి మనుషులు బయలుదేరాలి.

గుర్తుంచుకోవలసినవి

• చేవగల కర్ర, మూడోవంతు లోతు, అరడుగుకొకసారి దిమ్మిస.
• అడ్డగెడ లోపల, రాట బయట.
• ఏటా వానలకు ముందు ప్రతి రాటనూ ఊపి చూడాలి.
• తలుపు, ముడి చీకట్లో కూడా క్షణంలో విడిపోవాలి.

మీరు చేయవలసిన పని

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ దొడ్డి మూలరాట ఎంత లోతున ఉందో అమ్మను, నాన్నను అడగండి. ఎందుకు అంత లోతో కూడా అడగండి. వాళ్ళు చెప్పింది నోటుబుక్కులో రాసుకుని, పక్కన మీ సైన్సు పాఠంలోని కారణం రాయండి. రెండూ కలవని చోట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

నేను పాతిన రాట ఒరిగిన చోట నాన్న, నేను కలిసి మూడడుగుల గుంట తీసి తాటిరాట పాతాము. మట్టి నేను పోశాను, దిమ్మిస నాన్న కొట్టారు. గేదె ఇప్పటికీ దానికే మెడ రుద్దుకుంటున్నది. రాట కదలలేదు.