మోటారు కొనుటకు ముందు: పని, శక్తి, సామర్థ్యముల భేదము

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప పండించు రైతులు బావికి మోటారు కొనునపుడు మొదట విచారించునది దాని హార్సుపవరు. అది యెంత హెచ్చయిన నంత మేలని పెక్కుమంది తలంపు. ఈ తలంపువలన ధనమును, నీటిని గోలుపోవుట కలదు. కావున ఈ క్రింది విషయములు గ్రహింపదగినవి.

పని: బలము ప్రయోగింపగా వస్తువు ఆ దిశకు కదలిననే పని జరిగినట్లు. 40 కిలోల మిరప టిక్కీని ఒకటిన్నర మీటరు ఎత్తుగల బండిపైకి ఎత్తినచో సుమారు 588 జౌలుల పని యగును. దానిని భుజముపై నుంచుకొని కదలక నిలిచినచో భుజము నొచ్చునే కాని, టిక్కీపై పని జరుగదు.

శక్తి: పని చేయగల యోగ్యతయే శక్తి. ఎడ్లకు మేతనుండియు, ఇంజనుకు డీజిలునుండియు నిది లభించును. విద్యుత్తు మీటరులో ఒక యూనిటు 36 లక్షల జౌలుల శక్తికి సమానము.

సామర్థ్యము: పని యెంత త్వరగా జరుగునో తెలుపునది. ఒక హార్సుపవరనగా సెకనుకు 746 జౌలులు. ఆవిరియంత్రములను గుఱ్ఱములతో పోల్చుటకై 18వ శతాబ్దిలో జేమ్సు వాట్ ఈ కొలత నేర్పరచెను.

ఉదాహరణము: ఎకరమునకు ఒక అంగుళము తడి పెట్టుటకు సుమారు లక్ష కిలోల నీరు వలయును. దానిని 10 మీటర్ల లోతునుండి తోడుటకు 98 లక్షల జౌలులు, అనగా సుమారు 2.7 యూనిట్లు పట్టును. నష్టములు లేవనుకొన్నచో 5 హార్సుపవరు మోటారు దీనిని 44 నిమిషములలోను, 10 హార్సుపవరుది 22 నిమిషములలోను ముగించును. కాలము తగ్గినది గాని పని తగ్గలేదు. నీటిమట్టము 30 మీటర్లకు దిగినచో పని మూడింతలగును.

ఊటకు మించిన వేగముతో తోడినచో మట్టము త్వరగా దిగును. ప్రతి లీటరునకు చేయవలసిన పని పెరుగును. తుదకు నీరందక మోటారు చెడును. విద్యుత్తు ఉచితముగా లభించు చోట్లను ఈ నష్టము తప్పదు.

రైతులు చేయవలసినవి:

1. వేసవిలో బావి మట్టమును, గంటకు ఊరు నీటిని కొలిపించి, దానికి తగిన మోటారునే కొనవలయును.

2. నీరు పడు గొట్టపు మూతిని కాలువకు వీలైనంత దగ్గఱగా నుంచవలయును. 10 మీటర్ల తోడుడులో ఒక మీటరు అనవసరముగా నెత్తినచో పదియవ వంతు పని అధికమగును.

3. ఇఱుకు గొట్టములను, అనవసరపు వంపులను మాన్పి, కారు అతుకులను వెంటనే బాగుచేయింపవలయును.