ఎండలో ఆగిపోవు పాతకారు: కారణము కనుగొనుట

వేసవి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని బంధువుల యిండ్లకు బయలుదేరు తల్లిదండ్రులలో కొందఱు నేటికిని పాత అంబాసిడరు, పద్మిని కార్లను నడపుచున్నారు. ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినను, ఆ బండ్లు మన బళ్లారి వీథులలో ఇంకను కనబడుచునే యున్నవి. ప్రొద్దుట చక్కగా నడచిన బండి మధ్యాహ్నపుటెండలో ఆగిపోయి, అరగంట చల్లబడిన పిదప ఏమియు నెఱుగనట్లు కదలుట మేమును అనుభవించితిమి. రైలుగేటు నడుమ నట్లు జరిగిన నేమగునో చెప్పనక్కఱలేదు.

మా బండికి ఒక మరమ్మతు శాలలో మొదట కార్బురేటరును, పిమ్మట పెట్రోలు పంపును మార్చిరి. డబ్బు పోయినది గాని దోషము పోలేదు. తుదకు చెడినది ఇగ్నిషను కాయిలని తేలినది. బండి ఆగినచోటనే, వేడిగా నున్నప్పుడే పరీక్షించి యుండిన ఆనాడే తెలిసెడిది.

కారణములు ముఖ్యముగా రెండు: నిప్పురవ్వ లేకపోవుట, పెట్రోలు అందకపోవుట. రెండును చల్లబడగనే సర్దుకొనును గనుకనే భ్రమ కలుగును. ఆగిన తీరును గమనింపవలెను. దీపమార్పినట్లు ఒక్కసారిగా ఆగినచో కాయిలును గాని, డిస్ట్రిబ్యూటరులోని కండెన్సరును గాని శంకింపవలెను. తడబడి, దగ్గి, ఈడ్వలేక ఆగినచో పెట్రోలు గొట్టములో ఆవిరి చేరినదని తలంపవచ్చును.

ఈ ఆవిరి సంగతి కొంత వివరింపదగినది. ఇట్టి కార్లలో సాధారణముగా పంపు ఇంజనుకే బిగింపబడి యుండును. ట్యాంకునుండి పీల్చు భాగమున ఒత్తిడి తక్కువ. ఒత్తిడి తగ్గినకొలది ద్రవము తక్కువ వేడికే మరగును. పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీల దాపుననే మరగ నారంభించును. ఆవిరిని పంపు నెట్టజాలదు. దారిలో టీ త్రాగుటకై పది నిమిషము లాపి మరల బయలుదేరునపుడు ఈ బాధ హెచ్చు. ఫ్యానును నీటి ప్రవాహమును నిలిచిపోవుటచే ఇంజను వేడి పంపునకు ప్రాకును.

పరీక్ష యిది. బండిని రోడ్డు ప్రక్కకు నెట్టి, పిల్లలను దింపి, దూరముగా నీడలో నుంచవలెను. డిస్ట్రిబ్యూటరు నడిమి తీగను ఊడదీసి, రబ్బరు పిడి గల పటకారుతో పట్టి, దాని కొనను ఇంజను లోహమునకు పావు అంగుళము దూరమున నుంచగా, మఱియొకరు స్టార్టరు త్రిప్పవలెను. నీలికాంతితో చిటపటలాడు రవ్వ వచ్చిన కాయిలు మంచిదే. రవ్వ లేకున్నను, పసుపువన్నెతో నీరసముగా నున్నను దోషము ఇగ్నిషనుది. పెట్రోలు వాసన వచ్చుచున్నచో మాత్రము ఈ పరీక్ష కూడదు. వేడి రేడియేటరు మూతను ఎవ్వరును ముట్టరాదు.

రవ్వ బాగున్నచో ముందు ట్యాంకు మూత తీయుడు. బుస్సుమని గాలి లోనికి పోయి, పిదప బండి నడచినచో మూతలోని గాలిరంధ్రము పూడినదన్నమాట; దమ్మిడీ ఖర్చు లేని మరమ్మతు! కాదేని, డిస్ట్రిబ్యూటరుపై నీరు పడకుండ, పంపునకును గొట్టమునకును తడిగుడ్డ చుట్టవలెను. కొలది నిమిషములలో కదలినచో అది ఆవిరియే.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము వఱకు ఇథనాలు కలియుచున్నది. పాతకాలపు రబ్బరు గొట్టములను అది పాడుచేయును. పగిలిన గొట్టము గాలిని పీల్చినను లక్షణము ఆవిరి చేరినట్లే యుండును. కావున తడిగుడ్డతో ఫలము లేనిచో ట్యాంకునుండి పంపువఱకు గొట్టమును వ్రేళ్లతో తడవి చూచి, పగులుగాని చెమ్మగాని తగిలిన ముక్కను తీయించి, ఇథనాలుకు తట్టుకొను గొట్టమును వేయించుకొనవలెను.