ఆంగ్లభాష: వ్యాప్తియు, భేదములును, అభ్యాసమును



బోధను పట్టణము నానుకొని శక్కర్‌నగర్ అను పేట కలదు. 1937వ సంవత్సరమున స్థాపింపబడి, 2015లో మూతపడిన నిజాము చక్కెర కర్మాగారమును బట్టి దాని కా పేరు కలిగినది. ఆ పేరులోని 'శక్కర్' అను మాటయు, మీరు ఆంగ్ల వాచకములో చదువు 'షుగర్' అను మాటయు ఒక్క తల్లి బిడ్డలే. సంస్కృతమునందలి 'శర్కర' పారసీకమున 'శకర్', అరబ్బీలో 'సుక్కర్', ఫ్రెంచిలో 'సూక్ర్' అయి, తుదకు ఇంగ్లండు చేరి 'షుగర్' అయినది. మన 'చక్కెర'యు ఆ శర్కర నుండి వచ్చినదే. పశ్చిమ తీరమున పోర్చుగీసువారు విని గ్రహించిన రూపము 'జాగరీ' యై బెల్లమునకు పేరైనది. 'ఖండ' మను మాట 'క్యాండీ' యైనది. ఇక 'బ్యాండికూట్' అను మాట అచ్చముగా తెలుగువారిది. అది మన పంటలకు శత్రువైన పందికొక్కు! ఆంగ్లేయులు ఆ పేరును ఆస్ట్రేలియాకు గొనిపోయి, పిల్లలను కడుపుసంచిలో మోయు వేఱొక జంతువునకు పెట్టిరి.

ఇవి వినోదమునకై చెప్పినవి కావు. ఆంగ్లము పరుల సొత్తనియు, తాము దాని గడప వెలుపల నిలిచినవారమనియు మీలో పెక్కుమంది జంకుచుండుటను మేము నిత్యము చూచుచున్నాము. ఆ జంకును పోగొట్టుటకే ఈ పాఠము.

వ్యాప్తి

క్రీస్తు శకము 5వ శతాబ్దమున ఆంగిల్, శాక్సన్ మున్నగు జాతులవారు జర్మనీ, డెన్మార్కు తీరముల నుండి బ్రిటను ద్వీపమునకు వచ్చిరి. వారి భాషయే ఆంగ్లమునకు మూలము. 1066లో ఫ్రెంచి మాటలాడు నార్మనులు ఆ దేశమును జయించిరి. అందుచే మందలోని గొఱ్ఱెకు 'షీప్' అను పాత పేరును, పళ్లెములోని దాని మాంసమునకు 'మటన్' అను ఫ్రెంచి పేరును నిలిచినవి. కాచువా డొకడు, తినువా డొకడు! ఓడిన జాతి భాషయు ఇట్లు అప్పులు చేసి బలపడినది.

పిదప ఓడ లెక్కి అది లోకమునకు బయలుదేరెను. 1607లో అమెరికాలోని జేమ్స్‌టౌనునకును, 1788లో ఆస్ట్రేలియాకును వలసదారులతో పోయెను. 1600లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ వెంట మన దేశమునకు వచ్చెను. వర్తకము, రాజ్యము, వలస అను మూడింటిచే వ్యాపించినదే గాని, తక్కిన భాషలకంటె మధురమగుటచే గాదు.

మన మండలమున దాని ప్రాబల్యము ఆలస్యముగా కలిగెను. నిజాము రాజ్యమున రాజభాష తొలుత పారసీకము, తరువాత ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరిగెను. ఆంగ్లము తప్పక చదువవలసిన పాఠ్యవిషయముగా నుండెను. 1948 తరువాత అచ్చట ఆంగ్లమే బోధనభాష యయ్యెను. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వఱకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడెను.

భేదములు

నేడు ఆంగ్లము మాటలాడువారు లోకమున సుమారు 150 కోట్ల మంది. వారిలో అది మాతృభాషగా గలవారు 40 కోట్లకు లోపుగా నున్నారు. కాశ్మీరమున జన్మించిన బ్రజ్ కచ్రూ అను భాషాశాస్త్రవేత్త 1985లో ఈ భాషాప్రపంచమును మూడు వలయములుగా విభజించెను. మొదటిది ఇంగ్లండు, అమెరికా వంటి దేశములు. రెండవది భారతదేశము, నైజీరియా, సింగపూరు వంటివి. మూడవది చైనా, జపాను మొదలగునవి.

మొదటి వలయములోనైనను అందఱి పలుకు ఒక్కటి గాదు. దక్షిణ ఇంగ్లండువారు 'కార్' అను మాటలోని తుది రకారమును సాధారణముగా పలుకరు. స్కాట్లాండువారు దానిని మనవలెనే స్పష్టముగా పలుకుదురు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల వైద్యశాలను నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్ ఆ స్కాట్లాండు దేశమువారే.

ఇచ్చట మా తప్పిద మొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట ఒక బాలుడు వ్యాసములో 'కలర్' అను మాటను 'యు' అక్షరము లేకుండ వ్రాసెను. అతని తండ్రి కర్మాగారము మూతపడిన పిమ్మట గల్ఫు దేశమునకు పోయిన కార్మికుడు. మేము ఎఱ్ఱ సిరాతో ఆ మాటను కొట్టివేసి, మార్కు తగ్గించి, తరగతిలో చదివి వినిపించితిమి. అందఱును నవ్విరి. ఆ రాత్రి నిఘంటువు తిరుగవేయగా, అది అమెరికా వర్ణక్రమ మనియు, నోవా వెబ్‌స్టరు 1828 నాటి తన నిఘంటువున దానినే గ్రహించెననియు మాకు తెలిసెను. మఱునాడు తరగతిలో మా తప్పు నొప్పుకొని మార్కు తిరిగి యిచ్చితిమి. కాని ఆ బాలుడు మరల చేయి యెత్తి ప్రశ్న నడుగుటకు ఒక సంవత్సరము పట్టెను. అతనికి మేము చెప్పవలసినది, "ఇది తప్పు" అని గాదు, "ఇది అమెరికా పద్ధతి, మన పరీక్షలలో బ్రిటను పద్ధతి వాడుక, ఒక వ్యాసమున ఒక పద్ధతినే పాటింపుము" అని. ఏకరూపత కావలెను, అపహాస్యము వలదు.

అభ్యాసము

తెలుగు మాటలు చాలవఱకు అచ్చుతో ముగియును. కావున మనము 'బస్సు', 'బుక్కు' అందుము. ఉర్దూ మాటలాడు మన పొరుగువారిలో కొందఱు 'ఇస్కూల్' అందురు. ఇది తెలివితక్కువ గాదు, తల్లిభాష నేర్పిన అలవాటు. ఇంతకంటె ముఖ్యముగా గమనింపవలసినది ఊనిక. ఆంగ్లమున 'రికార్డ్' అను మాటను మొదటి భాగముపై ఊది పలికిన నామవాచకము, రెండవ భాగముపై ఊది పలికిన క్రియ. తెలుగున నిట్టి భేదము లేదు గావున దీనిని చెవితో విని సాధింపవలెను.

ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడపిన మైకేల్ వెస్ట్ అను నాయన, మన దేశపు బాలురు ముందుగా సులభ గ్రంథములను చదువుట నేర్వవలెనని బోధించెను. 1953లో ఆయన ప్రకటించిన పట్టికలో సుమారు 2,000 ముఖ్యపదములు కలవు. దినమునకు ఆఱేసి పదములు నేర్చినచో ఒక్క సంవత్సరములో అవి మీవి యగును. పదమును ఒంటిగా వల్లింపక, మీ పొలమును, మీ యింటిని గూర్చిన వాక్యములో నుంచి వ్రాయుడు. ప్రతిదినము ఒక పుట బిగ్గరగా చదువుడు.

ఒక హెచ్చరిక. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మదరాసు నుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. ఆ యేడు మొదలు పెక్కుమంది తెలుగువారు నాతాలు చెఱకుతోటలలో పని చేయ పోయిరి. తెలుగును నిలుపుకొనుటకు వారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అయినను వారి మునిమనుమలలో పెక్కుమందికి నేడు ఇంటిభాష ఆంగ్లమే. దూరదేశమున దిక్కులేక వారు పోగొట్టుకొన్న దానిని, మనము స్వగ్రామమున నుండి సిగ్గుచే పోగొట్టుకొనరాదు.

కావున బాలబాలికలారా! ఆంగ్లమును నిర్భయముగా నేర్వుడు. తోటివాడు తడబడినపుడు నవ్వక అందింపుడు. సాయంకాలము ఇంటికి పోయి, నేర్చిన పాఠమును మీ తల్లికి తెలుగులో చెప్పుడు. ఆమెకు బోధపడినచో ఆ పాఠము మీకు వచ్చినదని తెలిసికొనుడు.