వరి కొయ్యలు – ఢిల్లీ పొగ

అమ్మానాన్నల బదిలీతో ఢిల్లీ వచ్చిన మనలో చాలామందికి ఇక్కడి నవంబరు పొగ కొత్త. వాహనాలు, పరిశ్రమలు, దుమ్ముతో పాటు దీనికి మరో కారణం ఉంది. అది పంజాబ్, హర్యానా పొలాల్లో కాల్చే వరి కొయ్యలు. వాటిని అక్కడ 'పరాలీ' అంటారు.

మన ఊళ్లలో వరిగడ్డిని వాములు వేసి పశువులకు మేపుతారు కదా! మరి అక్కడ ఎందుకు కాలుస్తారు? కోత యంత్రం కంకులు కోసి, కొయ్యలను పొలంలోనే వదిలేస్తుంది. భూగర్భజలాన్ని కాపాడటానికి ఆ రెండు రాష్ట్రాలు 2009లో చట్టాలు చేసి, వరినాట్లను వానాకాలం దగ్గరకు జరిపాయి. దాంతో కోత ఆలస్యమై, గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే మిగులుతాయి. అందుకే రైతు నిప్పు పెడతాడు.

కానీ ఆ మంటలో నేలకు బలమిచ్చే నత్రజని, సూక్ష్మజీవులు కూడా నశిస్తాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో దీన్ని నిషేధించింది. 2024 నవంబరులో జరిమానా రెట్టింపైంది: 2 ఎకరాల లోపు రైతుకు రూ. 5,000, 5 ఎకరాల లోపు రూ. 10,000, ఆపైన రూ. 30,000.

జరిమానా ఒక్కటే చాలదు. కొయ్యల మధ్యే విత్తనం వేసే హ్యాపీ సీడర్, కొయ్యలను కుళ్లబెట్టే పూసా డీకంపోజర్ చిన్న రైతుకూ సమయానికి అందాలి.

రైతును నిందించే ముందు మన వీధిని చూద్దాం. ఢిల్లీలో ఆకులు, చెత్త ఆరుబయట కాల్చడమూ నిషిద్ధమే. రాలిన ఆకులను గుంటలో వేసి ఎరువు చేద్దాం. భోగికైనా సరే, టైర్లు, ప్లాస్టిక్ మంటలో వేయవద్దని ఇంట్లో చెబుదాం.